తలైవరమ్మ అనుమానాలు

పాలక్కోడు బస్టాండు గోడమీద ఆమె ఫోటో చూశాను. మా ధర్మపురి జిల్లాలో ఎవరైనా పోతే మరునాటికల్లా గోడలకు పోస్టర్లు అంటిస్తారు. పైన కన్నీర్ అంజలి అని తమిళంలో పెద్ద అక్షరాలు, నడుమ పోయినవాళ్ల ముఖం, కింద బంధువుల ఫోటోలు, పేర్లు. ఈ పోస్టరులో ఆమె ముఖం అరచేయంత ఉంది. కింద చేతులు జోడించి నిలబడిన ఆమె మరిది అంతకు రెండింతలున్నాడు.

నాకు మొదట దుఃఖం రాలేదు. ఈ ఫోటో వీళ్లకెక్కడిది అని అనుమానం వచ్చింది. ఆమె ఫోటోకు ఒప్పుకునే మనిషి కాదు. దగ్గరికి పోయి చూస్తే ఆమె భుజం పక్కన ఒక చీర అంచు కనిపించింది. అది నాది. ఎప్పుడో మా శిక్షణ తరగతి చివరి రోజు అందరం కలిసి తీయించుకున్న ఫోటోలోంచి ఆమెను కత్తిరించి తీసుకున్నారు. అందులోనూ ఆమె కెమెరావైపు చూడటం లేదు. ఫోటో తీసేవాడి వెనక ఎవరో నిలబడి ఉంటే, అతను ఎందుకు నిలబడ్డాడో తేల్చుకోవాలన్నట్టు అటే చూస్తోంది.

గోడ పక్కన పూలు కడుతున్న ఒకామెను అడిగితే గుండెనొప్పి అంట, ఆస్పత్రికి చేర్చేలోపే అంట అని చెప్పింది. వెంటనే నా నోట్లోంచి, నీకు ఎవరు చెప్పారు అన్న మాట వచ్చేసింది. పూలామె నన్ను వింతగా చూసింది. ఆ మాట నాది కాదు. పోస్టరులో ఉన్న మనిషిది.

రెండువేల ఆరులో ఊరాట్చి ఎన్నికలు జరిగాయి. ఊరాట్చి అంటే మా దగ్గర గ్రామ పంచాయతీ. దాని అధ్యక్షుణ్ణి తలైవర్ అంటారు. తుంబలహళ్లి ఆనకట్ట దాటి ఇంకొంచెం లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో పదేళ్లుగా ఆమె మరిదే తలైవరు. ఆ ఏడు సీటు ఆడవాళ్లకు కేటాయించారు. ఆయన భార్య బడిలో మధ్యాహ్న భోజనం నడిపే ఉద్యోగంలో ఉంది, పోటీ చేయడానికి వీల్లేదు. అదే ఇంట్లో అన్న భార్య ఉంది. భర్త పోయి పన్నెండేళ్లు. ఒక్కతే కూతురు, తొప్పూరులో కాపురం. చదువు మూడో తరగతి. మరిది ఎదురుగా వస్తే తల వంచుకుని గోడవారకు తప్పుకునేది. ఊళ్లో సగంమందికి ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆయన ఆమెను నిలబెట్టి, తన ముఖం అచ్చువేసిన నోటీసులు పంచి గెలిపించాడు. గెలిచిన రోజు దండ ఆయన మెడలోనే పడింది. మరుసటి వారం నుంచి ఊరు ఆయన్ని తలైవర్ అని, ఆమెను తలైవరమ్మ అని పిలిచింది. తలైవరు భార్యను పిలిచినట్టు కాకుండా, తలైవరు ఇంట్లో ఉన్న ఎవరో ఒక ఆడమనిషిని పిలిచినట్టు.

నేను అప్పుడు ధర్మపురిలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. కొత్తగా గెలిచిన ఆడవాళ్లకు చట్టం ఏమంటుందో, సభ ఎలా నడపాలో, ఏ కాగితం ఏమిటో నేర్పడం మా పని. మాది ఏరియూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం మాత్రం చిన్నప్పుడు రెండేళ్లు చిత్తూరులో మేనత్త దగ్గర ఉండి నేర్చుకున్నాను. పాలక్కోడు వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువ కాబట్టి మా మేడం నన్ను అటు వేసింది. ఇంటి భాషలో మాట్లాడితే ఆడవాళ్లు తొందరగా మనసు విప్పుతారని ఆమె నమ్మకం.

తలైవరమ్మ దగ్గర అది పనిచేయలేదు. మొదటి తరగతికి వచ్చిన రోజున ఆమె తలుపు పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చుంది. అందరికీ ఇచ్చిన టీ ముట్టలేదు. మధ్యాహ్నం పక్కన కూర్చుని తెలుగులో పలకరించాను. ఆమె నా ముఖం చూసింది, గడియారం చూసింది, చెప్పులు చూసింది.

"నిన్ను ఎవురు పంపిచ్చినారు, పాపా?" అంది.

సంస్థ పేరు చెప్పాను. సరే అంది. సాయంత్రం బస్సెక్కుతూ, ఈ పనికి నన్ను ఎంచింది ఎవరని అడిగింది. మళ్లీ చెప్పాను. నెల తర్వాత వాళ్ల ఊరికి పోయినప్పుడు, వానల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, మా మేడానికి తన మరిది ఏమవుతాడని అడిగింది. ఏమీ కాడన్నాను. ఒకే ప్రశ్నను మూడు రకాలుగా, మూడు చోట్ల అడిగి, జవాబు మారుతుందేమోనని చూస్తోందని అప్పుడు అర్థమైంది. నేను తెలుగులో మాట్లాడటం కూడా నాకు మేలు చేయలేదు. ఆమెకు తెలిసిన తెలుగువాళ్లలో ముప్పాతికమంది మరిది మనుషులే.

ఆమె అలవాట్లు ఊరికి నవ్వులాటగా ఉండేవి. పంచాయతీ రబ్బరు ముద్రను ఆఫీసు బీరువాలో ఉంచనిచ్చేది కాదు. నడుముకు చెక్కుకునే ఆకువక్క సంచిలో వేసుకుని తిరిగేది. అందుకని ఆ ఊరినుంచి వచ్చే కాగితాలన్నీ సున్నం వాసన వేసేవి. బ్లాకు ఆఫీసులో గుమాస్తాలు కవరు విప్పకుండానే అది ఏ ఊరిదో చెప్పేవాళ్లు. ఎన్నికలైన తర్వాత తన వంట తనే చేసుకుంది. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా తాగేది కాదు. విషం పెడతారని భయమా అని ఒకసారి అడిగాను. విషం కాదు, ఉప్పు తిన్నావు కదా అని రేపు అడుగుతారు అని చెప్పింది.

సంతకాన్ని మా వైపు కైయెళుత్తు అంటారు. మొదటి సభ రోజున పంచాయతీ క్లర్కు ఆమె ముందు తీర్మానాల పుస్తకం తెరిచి, ఖాళీ పేజీ అడుగున వేలు పెట్టి చూపించాడట. పదేళ్ల అలవాటు. తలైవరు అడుగున సంతకం పెడితే పైన ఏం రాయాలో తీరిగ్గా రాసుకునేవాళ్లు. ఆమె దాన్ని చదవమంది. చదవడానికేమీ లేదన్నాడు. "ఏమీ లేనిదానికి ఏమిటికి కైయెళుత్తు?" అని పుస్తకం మూసేసింది. ఈ సంగతి ఊరంతా పాకింది. చాలామంది దాన్ని ఆమె తెలివితక్కువతనానికి గుర్తుగా చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి తీర్మానాన్నీ క్లర్కు చేత చదివించుకునేది. మరునాడు బడిలో ఆయా చేత చదివించుకునేది. నేను పోయిన రోజున నా చేత. మూడూ ఒకటే అయితే, తమిళ అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ తన పేరు రాసి, పేరుకూ పైనున్న చివరి వాక్యానికీ మధ్య ఖాళీ ఉంటే అందులో అడ్డంగా ఒక గీత గీసేది. గీత గీయడానికి తలుపు గొళ్లెం కడ్డీని వాడేది. ఒకసారి నేను చదువుతూ ఒక మాట దాటేశాను, వేగంలో. ఆమె ఆపి, నిన్న ఆయా చదివినప్పుడు ఇక్కడ ఇంకో మాట ఉన్నదే అంది. పుస్తకం చూస్తే నిజంగానే ఉంది. నేను సిగ్గుపడ్డాను. ఆమె మాత్రం నన్ను పట్టుకోవడానికే కాచుకున్నట్టు తల ఊపింది. అది నాకు నచ్చలేదు. వారానికి రెండు బస్సులు మారి ఆమె కోసం పోతుంటే, దొంగను చూసినట్టు చూస్తుందేమిటని ఇంటికి వచ్చి అమ్మతో అన్నాను కూడా.

రెండో ఏడాది ట్యాంకు విషయం వచ్చింది.

ఊరికి పడమట దళితుల కాలనీ ఉంది. అక్కడివాళ్లూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తరాలుగా అక్కడే ఉన్నారు. భూములు లేవు. హోసూరు, బెంగళూరు కట్టడాల పనికి పోతారు. కాలనీ బోరు ఎండిపోయి ఆడవాళ్లు రైతుల బావులకు బిందెలు మోసుకుపోవలసి వచ్చేది. బావి యజమాని మంచి మనసులో ఉంటే నీళ్లు, లేకపోతే తిట్లు. కాలనీ వార్డు మెంబరు ముప్పై అయిదేళ్ల మనిషి, బేల్దారి పని చేసేది. చేతులు సిమెంటుకు పగిలి ఉండేవి. ఆమె ఏడాదిపాటు తిరిగి తిరిగి కాలనీకి నీళ్ల ట్యాంకు ఒకటి మంజూరు చేయించుకుంది. ఇక పంచాయతీ స్థలం చూపించి తీర్మానం చేయాలి. క్లర్కు తీర్మానం రాశాడు. అందులో స్థలం సర్వే నంబరు ఉంది. తలైవరమ్మ మూడుసార్లు చదివించుకుంది. మూడూ ఒకటే. అయినా సంతకం పెట్టలేదు.

ఆ నంబరు భూమి ఎక్కడుందని అడిగింది. కాలనీ పక్కన ఉన్న పొరంబోకు అని క్లర్కు చెప్పాడు. మరిది కూడా అదే చెప్పాడు. నన్నూ అడిగింది. కాలనీ పక్కనే అంటున్నారు కదా పెద్దమ్మా అన్నాను.

"అంటా ఉండారు. నువ్వు చూసినావా?"

చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. ఊరి భూముల పటం గ్రామ అధికారి దగ్గర ఉంటుంది. ఆయన ఆమె పోయినప్పుడల్లా పాలక్కోడులో మీటింగు అని, తాలూకా ఆఫీసులో పని అని దొరకకుండా తిరిగాడు. నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. కాలనీ ఆడవాళ్లు బిందెలతో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. ఆమె బయటికి వచ్చి, ఇంకా చూడాల్సింది ఉంది అని ఒక్క మాట చెప్పి లోపలికి పోయింది. ఏం చూడాలో చెప్పలేదు. వార్డు మెంబరు నా చేయి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎంతైనా ఆమె పెద్ద ఇంటి మనిషి, మా ఇళ్ల మధ్య ట్యాంకు లేస్తే వాళ్లు ఎలా ఓర్చుకుంటారు అన్నది.

ఆ మాట నాలో దిగబడింది. అప్పటినుంచి నేను కూడా ఆమెను అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. ఒకరోజు పోయేసరికి ఆమె మరిది వసారాలో ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆమె స్తంభం పక్కన నిలబడి ఉంది, చేతిలో ఆ కాగితం. ఇద్దరూ నన్ను చూసి మాట ఆపేశారు. సరే, వీళ్లంతా ఒకటే, సంతకం ఆపమన్నది ఈయనే, ఆమె భయస్తురాలిలా నటిస్తోంది అనుకున్నాను. ఇది నాకు ఎంత చక్కగా అతికిందంటే, ఇంకెవరినీ అడిగి చూడలేదు.

ఆరు నెలలకోసారి మేము మేడానికి నివేదిక ఇవ్వాలి. ఉన్నది ఉన్నట్టు రాయమని ఆమె చెప్పేది. నేను రాశాను. అధ్యక్షురాలికి అందరి మీదా కారణం లేని అనుమానం అనీ, అందువల్ల తాగునీటి పని నాలుగు నెలలుగా ఆగిపోయిందనీ, కాలనీకి నీళ్లు రావడం ఆమెకు ఇష్టం లేదేమోననే సందేహం ఉందనీ రాశాను. రాసినది నాకే బాగా నచ్చింది. ఒకటికి రెండుసార్లు చదువుకుని కవరులో పెట్టాను.

మా నివేదికల నకలు ఒకటి బ్లాకు ఆఫీసుకు పోతుంది. అక్కడినుంచి ఎవరి చేతుల మీదుగా ఎటు పోయిందో ఈ రోజుకూ నాకు తెలియదు. ఇద్దరు ముగ్గురి మీద అనుమానం ఉంది, పేర్లు చెప్పలేను.

రెండు నెలల్లో ఆమె మీద కలెక్టరుకు మను పోయింది. మను అంటే అర్జీ. పనులు ఆపుతోంది, పదవినుంచి తీసేయాలి అని తొమ్మిదిమంది మెంబర్లలో ఆరుగురు సంతకాలు పెట్టారు. కాలనీ మెంబరు కూడా పెట్టింది. ఇలాంటప్పుడు తాసిల్దారు ఊరికి వచ్చి సభ పెట్టి మెంబర్ల అభిప్రాయం రాసుకుపోతారు. ఆ రోజు పంచాయతీ ఆఫీసులో మెంబర్లు, క్లర్కు, గ్రామ అధికారి తప్ప వేరేవాళ్లను రానివ్వలేదు. ఊరంతా కిటికీల దగ్గర నిలబడింది. నేనూ నిలబడ్డాను. నా పక్కనే ఆమె మరిది వచ్చి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు కూడా చెదరలేదు. నావైపు వంగి మర్యాదగా నవ్వాడు.

"మీరు రాసింది బాగా పనికొచ్చింది, మేడం."

నాకు అర్థం కాలేదు. లోపల తాసిల్దారు ఆరోపణలు ఒక్కొక్కటే చదువుతున్నాడు. వయసు మళ్లిన మనిషి, నిదానంగా చదివాడు. చివరికి, ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థే ఈ విధంగా చెప్పింది అని ఇంకో కాగితం తీశాడు. నా వాక్యాలు, నేను మెచ్చుకున్న వాక్యాలు, ఒకటి తర్వాత ఒకటి ఆ గదిలో వినిపించాయి. కారణం లేని అనుమానం. ఇష్టం లేదేమోననే సందేహం. నా చేతులు కిటికీ ఊచలను పట్టుకున్నాయి, వదలడానికి రాలేదు. ఆమె ఆకువక్క సంచి మీద చేయి వేసుకుని వింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఏడాదిన్నరగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు దొరికిన మనిషిలా చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

చెప్పుకునేది ఏమైనా ఉందా అని తాసిల్దారు అడిగాడు. ఆమె లేచి నిలబడింది.

"నాకు చెప్పుకునేది ఏమీ లేదు సార్. ఆ నంబరు భూమి యాడుండాదో మీరే పటం చూసి చెప్పండి. నేను అడిగితే చూపించలేదు."

గ్రామ అధికారి పటం తేలేదన్నాడు. తాసిల్దారు తెప్పించమన్నాడు. అరగంట పట్టింది. ఆ అరగంటలో నా పక్కనున్న మరిది చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పటం వచ్చింది. బల్లమీద పరిచి గ్రామ అధికారి వేలు పెట్టాడు. అది కాలనీ పక్కన లేదు. రోడ్డుకు అవతల, మరిది కొబ్బరితోట వెనక ఉన్న చిన్న ముక్క. దానికి దారి లేదు, ఆయన తోటలోంచి పోవాల్సిందే. ట్యాంకు అక్కడ కడితే నీళ్లు కాలనీ పేరు మీద వస్తాయి, తోటలో ఉంటాయి. ఆయన గేటు తీసినప్పుడు ఆడవాళ్లు బిందె ముంచుకోవాలి.

నంబరు ఎవరు రాశారని తాసిల్దారు అడిగాడు. క్లర్కు పొరపాటు అన్నాడు. కాలనీ మెంబరు లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెకు పటం చదవడం రాదు. అక్కడినుంచి తన ఇంటికి నీళ్లు మోయాలంటే ఎవరి చేను గెనిమ మీద, ఎవరి గట్టు మీద నడవాలని మాత్రం అడిగింది. ఆ వెంటనే, మను మీద పెట్టిన తన సంతకం కొట్టేయమంది.

అప్పుడు కిటికీ దగ్గరినుంచి మరిది నెమ్మదిగా, నవ్వుతున్నట్టే, "వదినె, ఇంటి మాట ఇంట్లో మాట్లాడుకుందాం, రా" అన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. పాతికేళ్లకు పైగా ఆ ఇంట్లో బతికి, ఆ పని చేసినది అదే మొదలని తర్వాత ఆయా, పనివాళ్లు అందరూ చెప్పుకున్నారు.

"ఇది ఇల్లు కాదు. ఇక్కడ నువ్వు కిటికీకి బయట ఉండావు."

ఆరుగురిలో ఇద్దరు వెనక్కు తగ్గారు. నలుగురు అట్లాగే ఉన్నారు, పటం చూశాక కూడా. అదీ రాయాలి. కలెక్టరాఫీసునుంచి చర్య అవసరం లేదని ఉత్తరం రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆమె రోజూ పదిగంటలకు ఆఫీసుకు పోయి, గోడవైపు కుర్చీ జరుపుకుని కూర్చుందట. కొత్త తీర్మానం కాలనీ మధ్యలోని స్థలానికి జరిగింది. ఆ స్థలాన్ని ఆమె, కాలనీ మెంబరు కలిసి కాళ్లతో కొలిచి, నాలుగు మూలలా రాళ్లు పాతించారు.

ఇంట్లో దానికి తగిన శాస్తి జరిగింది. వాకిట్లో గోడ లేచింది. బావి ఇద్దరిదీ, మోటారు గది తాళం మాత్రం మరిది దగ్గర. ఆ వేసవిలో ఆమె అరెకరం టమాటా, కాయ పట్టిన తర్వాత, ఎండిపోయింది.

నేను ఆమె దగ్గరికి పోవడానికి చాలా రోజులు ధైర్యం చేయలేదు. చివరికి నివేదిక నకలు ఒకటి సంచిలో పెట్టుకుని పోయాను. ఆమె చేనులో ఉంది. ఎండిన టమాటా చెట్లకు ఊతంగా పాతిన కర్రలను పీకి కట్ట కడుతోంది. నన్ను చూసి పని ఆపలేదు. క్షమించమని అడగడానికి బస్సులో కూడగట్టుకున్న మాటలు మొదలుపెట్టాను. ఆమె మధ్యలో ఆపింది.

"ఆ కాగితం తెచ్చినావా?"

తెచ్చానన్నాను. చదవమంది. గెనిమ మీద కూర్చుని చదివాను. తమిళంలో రాసింది తమిళంలోనే చదివాను, ఒక్క మాట కూడా దాటేయకుండా. మళ్లీ చదవమంది. రెండోసారీ చదివాను. ఆమె కర్రలు పక్కన పెట్టి వింది.

నాలుగు నెలలు కాదు, మూడు నెలల పన్నెండు దినాలు అంది. తర్వాత, అందరి మీదా అనుమానం ఉన్నది నిజమే, దాన్ని కాదననని చెప్పింది. మరి నన్నెందుకు నమ్మలేదు, ఆ నంబరు గురించి నీకు తోచింది నాకు ఒక్క మాట చెప్పి ఉంటే నేనే పటం తెప్పించేదాన్ని కదా అని అడిగాను. అడిగేటప్పుడు నాలో కొంచెం ఉక్రోషం కూడా ఉంది.

"చెప్తే నువ్వు దాన్ని యాడ రాస్తావో నాకేం తెలుసు?" అంది. "నువ్వు రాసింది అబద్ధం అనను పాపా. నా గురించి రాసి, నాకు చదవకుండా పంపిచ్చినావు. ఆ కాలనీ ఆయమ్మ నన్ను తిట్టింది, మొగం చూసి తిట్టింది. నువ్వు నా మొగం చూసి నవ్వి పోయి రాసినావు."

ఆమె పర్వాలేదు అనలేదు. పోయింది పోనీ అనలేదు. కర్రల కట్ట ఒకటి ఎత్తుకుని, రెండోది నన్ను ఎత్తుకోమన్నట్టు చూపించింది. ఇంటిదాకా మోశాను. వాకిలి దగ్గర దించి, బస్సుకు వేళవుతోందని గుర్తు చేసింది.

ఆ తర్వాత కూడా ఆ ఊరికి పోతూనే ఉన్నాను. ఆమె నన్ను రావద్దనలేదు. కాగితాలు నా చేత చదివించుకునేది. అయితే అప్పటినుంచి కాలనీ మెంబరును పక్కన కూర్చోబెట్టుకునేది, ఆ మెంబరు కూతురు టెన్తు చదువుతోంది కాబట్టి ఆ పిల్ల చేత నేను చదివిన తర్వాత మళ్లీ చదివించేది. నా ఎదుటే. నాకు కష్టంగా ఉండేది. ఆమె చేసింది తప్పని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. ఇన్నేళ్లలో నన్ను నమ్మి మోసపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని లెక్క వేసుకుంటే, నేను నివేదికలు రాసిన మిగతా ఆడవాళ్లు గుర్తుకొస్తారు. వాళ్లలో ఒక్కరికి కూడా నేను రాసింది ఏమిటో తెలియదు. వాళ్లు నాకు టీ ఇచ్చారు, అన్నం పెట్టారు, అంతా చెప్పుకున్నారు.

ఆమెను చివరగా చూసింది దాదాపు రెండేళ్ల తర్వాత, పాలక్కోడు బ్లాకు ఆఫీసు మేడమీద జరిగిన తరగతిలో. పక్క ఊరాట్చిలో తలైవరు చనిపోతే ఉప ఎన్నిక జరిగి ఒక పిల్ల గెలిచింది. పాతికేళ్లుంటాయి. ఆ పిల్లను చేయి పట్టుకుని తలైవరమ్మే తీసుకొచ్చింది. పొద్దునంతా ఆ పిల్ల తల ఎత్తలేదు, ఏమి అడిగినా జవాబు చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇద్దరూ నా బల్ల దగ్గరికి వచ్చారు. తలైవరమ్మ నన్ను చూపించి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా ఆ పిల్లతో చెప్పింది.

"ఈ పాప మంచిదే. చట్టం బాగా చెప్తాది. నీ గురించి ఏమన్నా రాస్తే మాత్రం పంపిచ్చకముందే చదివించుకో."

ఆ పిల్ల నావైపు, నా ముందున్న నోటు పుస్తకం వైపు బెరుకుగా చూసింది. పొద్దున రాసుకున్న పేజీ తెరిచే ఉంది. చదవక తప్పలేదు. కొత్త అధ్యక్షురాలు భయస్తురాలు అనీ, ఇంట్లో మగవాళ్లు చెప్పనిదే నోరు విప్పేలా లేదనీ రాశాను. చదివి తల ఎత్తాను.

"భయం కాదక్కా," అంది ఆ పిల్ల. "బస్సులో రెండుసార్లు కక్కుకున్నాను. నోరు తెరిస్తే మళ్లా వస్తాదేమో అని గమ్మున ఉండాను."

తలైవరమ్మ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు. ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, కింద ఆ పిల్ల చెప్పింది రాసుకున్నాను. పెన్ను మూత పెట్టబోతుంటే, ఇప్పుడు రాసింది కూడా చదవమన్నారు, ఇద్దరూ ఒకేసారి. చదివాను.